అవ్వ పెట్టని శోకం

మా హుస్నాబాద్ వైపు అమ్మను అవ్వ అంటాం. చావింట్లో మా అవ్వ వచ్చి శోకం పెట్టేదాకా ఏడుపు ఏడుపులా ఉండదు. పోయిన మనిషి మంచీచెడూ రాగంలో చెప్పుకుని ఏడుస్తుంది. ఇప్పటి ఆడవాళ్లకు ఆ రాగం రాదు. అవ్వతోనే అది పోతుందని నాకు భయం.

ఉత్తపుణ్యానికి ఇంట్లో శోకం పెడితే అరిష్టం. అందుకే పొలం బావి దగ్గర కూర్చోబెట్టి, ఆమెకు గుర్తున్న శోకాలన్నీ ఫోన్లో రికార్డు చేశాను. వాటిని కృత్రిమ మేధకు ఇచ్చి, అవ్వ గొంతుతోనే కొత్తది కట్టమన్నాను. ఎవరి మీదనో చెప్పలేదు. అది కూతురి మీద కట్టింది. "ఓ నా బిడ్డా, నా ఒక్క బిడ్డా" అనగానే ఒళ్లు జల్లుమంది. ఇంత బాగా వచ్చిందన్న సంబరంలో చుట్టాల గ్రూపులో పెట్టాను. కింద "ఇది మిషన్ పాడింది" అని రాశాను కూడా.

ఎవరు చదివారు? మా దగ్గర శోకం వినబడితే అడగడాలుండవు, చెప్పులేసుకుని బయల్దేరడమే. అవ్వకు నేనొక్కదాన్నే కూతురిని. హుజూరాబాద్ పెద్దమ్మ ఏడుస్తూ బస్సెక్కింది. మస్కట్‌లో లారీ నడిపే తమ్ముడు విన్నట్టు ఫోన్లో కనబడుతోంది, చేస్తే మాత్రం ఎత్తడు. లారీ మీదున్నాడో ఏమో. అవ్వ గడపలో కూర్చుని నన్నే చూస్తోంది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

చివరికి వాడే చేశాడు. స్పీకర్ పెట్టాను.

"తమ్మీ, నేనేరా. నాకేం కాలే. ఏడ్చింది అవ్వ గాదు, మిషిన్."

వెనక లారీ ఇంజను మోగుతోంది.

"బాపు పోయిన నాడు గూడ మంచిగనే ఉన్నడని చెప్పిన్రు" అన్నాడు.

నాన్న విషయంలో అది నిజమే. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు చావు కబురు ఒకేసారి చెప్పం. ముందు బాగానే ఉన్నారంటాం, తర్వాత ఒంట్లో బాగాలేదని చెప్పి రప్పిస్తాం.

"గా ముచ్చట ఇప్పుడెందుకురా? వీడియో చెయ్యి, నా మొకం సూడు."

"గొంతు చేసినోళ్లకు మొకం చేసుడెంత సేపు? అవ్వకియ్యి."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. అవ్వ ఫోన్ అందుకుంది.

"కొడుకా, అక్క నా ముంగటనే ఉన్నది. ఫికర్ జెయ్యకు. అన్నం తిన్నవా?"

"నిజంగ నువ్వేనా అవ్వా?"

అవ్వ ఫోన్ నా చేతిలో పెట్టేసింది.

"ఏడిస్తె నమ్మిండు. పలకరిస్తె నమ్ముతలేడు" అంది.