తాళం వేసిన పద్దెనిమిది ఇళ్ళు

ఆఫీసులో అందరూ ఆమెను తూకాలమ్మ అంటారు. సర్వేలో పలకరించిన ఒక్కో ఇల్లు మొత్తం ఎన్ని ఇళ్ళ తరఫున మాట్లాడుతున్నట్టో కంప్యూటర్లో లెక్కకట్టడం ఆమె పని. ఆ అంకెనే వాళ్ళు తూకం అంటారు. ఇరవై మూడేళ్ళలో ఒక్కరితోనూ వేలెత్తి చూపించుకోలేదు. ఇంట్లోనూ అదే వరస. "మా వదిన ఉప్పురాళ్ళు కూడా లెక్కపెట్టి వేస్తుంది" అని ఆడపడుచు ఎగతాళి.

ఆ రోజు పన్నెండింటికల్లా నివేదిక పైకి వెళ్ళాలి. మిల్లు వెనక కాలనీలో నూట యాభై కుటుంబాలైనా లేకపోతే అక్కడి చిన్న ఆసుపత్రిని మూసేస్తారు. ఆమె లెక్కలో తేలింది తొంభై ఆరు. రెండు వందల నలభై ఇళ్ళలో ముప్పైకి మనిషిని పంపారు. పన్నెండు ఇళ్ళవాళ్ళు జవాబు చెప్పారు. మిగతా పద్దెనిమిదింటి ఎదురుగా కాగితాల్లో 'తాళం' అని ఉంది. తాళమంటే ఖాళీయే కదా అని ఆమె వాటిని తీసేసింది. ఇక ఒక్కో ఇల్లూ ఎనిమిదింటికి లెక్క. పన్నెండెనిమిదులు తొంభై ఆరు.

పదకొండున్నరకు చివరిసారి కాగితాలు తిరగేస్తుంటే, తలుపు తట్టిన వేళలు కంటబడ్డాయి. పదకొండు, పన్నెండు, రెండు. సాయంత్రం అన్నది ఒక్కటీ లేదు. ఆ వేళకు తన ఇంటికి మాత్రం ఏముంటుంది, తాళం కాక?

వెంటనే సర్వేకు వెళ్ళినతనికి ఫోన్ చేసింది. "తమ్ముడూ, ఆ తాళాలన్నీ ఖాళీ ఇళ్ళవేనా?"

"ఖాళీ ఏంటక్కా! రెండే ఖాళీ. మిగతా పదహారింట్లో జనం ఉన్నారు. తీగల మీద బట్టలు ఆరుతున్నాయి. పనికి పోయారంతే."

"మరి ఆ ముక్క రాయలేదేం?"

"తాళం ఉంటే తాళమనే కదా రాస్తాం. మీరు చూసుకుంటారులే అనుకున్నా. మీ లెక్క ఎప్పుడైనా తప్పిందా?"

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. ఆమె మీద అంత నమ్మకం ఉండబట్టే ఎవరూ తిరిగి అడగలేదు. రెండిళ్ళను మాత్రం ఖాళీగా ఉంచి, పదహారింటి తూకాన్నీ ఆ పన్నెండింటికి పంచింది. కంప్యూటర్ తాపీగా ఆలోచిస్తోంది. పదకొండూ నలభై ఐదు. యాభై. అప్పటికి తేలింది, ఇరవై ఎనిమిది ఎనిమిదులు రెండు వందల ఇరవై నాలుగు.

అధికారి గదిలోకి పరుగులాంటి నడకతో వెళ్ళింది. నివేదిక పంపడానికి ఆయన వేలు మౌస్ మీదే ఉంది.

"ఆపండి సార్. మిల్లు కాలనీ లెక్క తప్పు."

"ఇప్పుడా చెప్పేది? ఇళ్ళకు తిరిగినతని పొరపాటేగా? అలాగే రాసేద్దాం."

ఔనంటే సరిపోయేది. ఇరవై మూడేళ్ళ పేరు నిలిచేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"కాదు సార్, నాదే. మనుషులున్న ఇళ్ళను ఖాళీ అని తీసేసింది నేనే."

ఆయన కాగితం ముందుకు తోశాడు. "రాసివ్వండి."

రాసిచ్చింది. పన్నెండుకు రెండు నిమిషాల ముందు కొత్త లెక్క వెళ్ళింది.

సాయంత్రం ఇంటి తాళం తీస్తూ గుమ్మంలోనే కూలబడి ఏడ్చేసింది. వెనకే పని నుంచి వచ్చిన ఆడపడుచు హడలిపోయింది. "ఏమైంది వదినా?"

"పగలు ఎవరైనా వస్తే, ఈ ఇంట్లో మనుషులే లేరనుకుంటారు."

"ఎవరనుకుంటారు?"

"నేనే అనుకున్నాను."