వదిన ఇంటి కుక్క

ఇస్త్రీ చేసే ఆమె బట్టల మూటను ఎప్పుడూ ఎడమ చంకలోనే పెట్టుకుంటుంది. ఒక ఇంటి గేటు తీసేముందు మాత్రం ఆ ఇల్లాలిని వరసపెట్టి "వదినా, నేనే!" అని కేకేస్తుంది. ఆ ఇంటి కుక్క ఆమె పిక్క పట్టి పీకిన రోజు ఇల్లాలే పరిగెత్తుకొచ్చి, తువ్వాలుతో రక్తం అదిమి, "నీ వైద్యం ఖర్చు నాది వదినా" అని ఏడ్చింది. అందుకే, నష్టపరిహారానికి కేసు వేద్దామని ఎదురింటి వకీలు ఎంత చెప్పినా, "మా వదిన మాట తప్పదు బాబూ" అనేసింది. ఈరోజు కుంటుకుంటూ గేటు దాకా వెళ్లేసరికి, కుక్కకాటు విచారణకు వచ్చిన మునిసిపాలిటీ ఉద్యోగితో ఇల్లాలు అంటోంది: "ఆ కుక్క మాది కాదండీ. ఈవిడెవరో కూడా నాకు తెలీదు." ఇస్త్రీ చేసే ఆమె ఆ ఇంటి బట్టలు మడత నలగకుండా గోడమీద పెట్టి, తిన్నగా వకీలింటికి నడిచింది. "కేసు వెయ్యండి బాబూ. మందులకీ, పోయిన పనికీ ఎంతొస్తే అంత అడగండి" అని, కట్టు విప్పి గాయం చూపిస్తూ అప్పుడు ఏడ్చింది.