ఫలక్‌నుమా దాకా ఒక్క ఊపిరి

కోవిడ్ సద్దుమణిగాక, నా పదవీ విరమణకు ఇంకా ఏడాది ఉందనగా, నన్ను శాలిబండ దగ్గరి ఒక ఆస్పత్రికి సీనియర్ ఎకో టెక్నీషియన్‌గా వేశారు. ప్రోబ్‌ను ఛాతీకి ఆనించి, గుండె గదులను తెరమీద చూసి కొలవడం మా పని. ఆ కొలతకు అర్థం చెప్పి సంతకం పెట్టేది డాక్టరు.

ఒక ఉదయం పద్మ వచ్చింది. సిటీ బస్సు కండక్టరు. గుండె పైగదుల మధ్య రంధ్రం ఉండటంతో కుడి జఠరిక, అంటే ఊపిరితిత్తులకు రక్తం పంపే కింది గది, బాగా సాగిపోయింది. ఆర్నెల్ల కిందట రంధ్రం మూశారు. అప్పటినుంచి ఆమెను డిపోలో కూర్చోబెట్టారు. గది మామూలు సైజుకు వచ్చిందని తేలితేనే మళ్లీ బస్సెక్కనిస్తారు.

"డిపోల కూసోని కూసోని పిచ్చి లేస్తుంది మేడమ్. జర మంచిగ చూడుండ్రి," అంది.

మంచిగా చూడటం వరకే నా చేతిలో ఉందని నవ్వాను. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఎడమ జఠరిక గుండ్రంగా, బుద్ధిగా ఉంటుంది. కుడిది దాన్ని చుట్టుకున్న నెలవంక. పైగా ఊపిరితిత్తిలో గాలి నిండితే దాని బయటి గోడ కనబడదు. గోడ కనబడకుండా వెడల్పు రాస్తే అది కొలత కాదు, ఊహ. అందుకే ఊపిరి వదిలేసి ఆపమంటాం. పద్మ మాత్రం ఆపమన్నప్పుడల్లా ముందు నిండా పీల్చి, అప్పుడు ఆపేది. భయం మరి. నా జూనియర్ ఆయేషా రెండు భాషల్లో బతిమాలినా లాభం లేకపోయింది. కొలవలేకపోయామని రాస్తే ఆమెకు మళ్లీ డిపోయే గతి.

చివరికి విసుగొచ్చి, "బస్సులో స్టాపులు ఎలా అరుస్తావో అలా అరవమ్మా," అన్నాను.

"గిక్కడనా?"

"ఇక్కడే. ఊపిరి అయిపోయేదాకా. అయ్యాక పీల్చకు."

పద్మ ఒకసారి ఆయేషా వంక చూసి, "చార్మినార్, శాలిబండ, అలియాబాద్, ఇంజన్‌బౌలి, ఫలక్‌నుమాఆఆ!" అని లంకించుకుంది. వరండాలో క్యూ అంతా ఘొల్లుమంది. ఎవరో "రోకో, హమ్ బీ ఆరే!" అని, బస్సు ఆపండి మేమూ వస్తున్నాం అన్నట్టు అరిచారు. కేక ముగిసేసరికి గోడ తెరమీద గీత గీసినట్టు కనబడింది.

పాత రిపోర్టుతో పోల్చాల్సినప్పుడు ఇద్దరం విడివిడిగా, పాత అంకె చూడకుండా కొలుస్తాం. నాకు ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు వచ్చింది, ఆయేషాకు ముప్పై తొమ్మిది. నలభై ఒకటి దాకా మామూలే. ఆ గది ఎంత బలంగా ముడుచుకుంటోందో చెప్పే కవాటం అంచు కదలిక కూడా బాగుంది. నాకు గంతేయాలనిపించింది, కానీ ఆ మాట డాక్టరే చెప్పాలి కాబట్టి గంభీరంగా మొహం పెట్టుకుని ఆయన గదికి పంపాను. కాసేపటికి ఆ గదిలోంచి వచ్చిన కేక మా యంత్రం దాకా వినిపించింది. "ఫిట్ అన్నడు మేడమ్! రేపే డ్యూటీ!"

ఊపిరి ఆపడం ఎవరికైనా వచ్చేదేనని అంతవరకూ అనుకునేదాన్ని. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా, ప్రోబ్ చేతిలోకి తీసుకునే ముందు ప్రతి రోగినీ మీరేం పని చేస్తారని అడిగాను.