వెనక్కి పరిగెత్తే ఫార్వర్డు

ఫార్వర్డులంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళుమంట. హాకీలో గోల్ కాసిన ప్రతివాడికీ ఉండే మంటే అది. వాళ్ళు గోల్ కొడితే ఊరంతా భుజాలకెత్తుకుంటుంది. మనకు గోల్ పడితే మాత్రం అందరూ గోల్‌కీపర్ ముఖం వైపే చూస్తారు. మొన్న టీవీలో మంచు మీద ఆడే హాకీ చూశాను. మా నెల్లూరు వైపు ఐసు అంటే బండివాడి పెట్టెలో ఉండేదే తప్ప, దాని మీద మనుషులు ఆడతారంటే ఆ రోజుల్లో ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. ఆడుతున్నవాళ్ళంతా ఇంకా మీసాలు సరిగా రాని కుర్రాళ్ళు. వాళ్ళలో ఇద్దరు ఫార్వర్డుల గురించి వ్యాఖ్యాతలు ఒకటే వాదించుకుంటున్నారు. ఒకడు గోల్స్ ఎక్కువ కొడతాడట, ఇంకొకడు వెనక్కి వచ్చి సొంత గోల్ కూడా కాస్తాడట, ఇద్దరిలో ఎవరు మేలు? నాకు నవ్వొచ్చింది. అరవైల మొదట్లో, తోటపల్లి గూడూరు దగ్గరి మా హైస్కూల్లో, సరిగ్గా ఈ ప్రశ్న నా పీకల మీదికి వచ్చింది.

అప్పుడు నేను మా మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేవాణ్ణి. అత్త కొడుకు, నాకు బావ, మా బడిలో పేరున్న ఫార్వర్డు. వరికోతలయ్యాక ఎండిన పొలమే మా గ్రౌండు, సరుగుడు కర్రలు పాతితే అదే గోలు. బావ చేతిలో కర్ర ఉంటే కోసిన వరి కొయ్యకాళ్ళ మధ్య కూడా బంతికి దారి దొరికేది. అంత బాగా కొట్టేవాడు. కాకపోతే కొట్టాక అక్కడే నడుం మీద చెయ్యేసుకుని నిలబడేవాడు. బంతి మా గోల్ మీదికి వస్తున్నా సరే, పీటల మీద పెళ్ళికొడుకులాగా కదిలేవాడు కాదు.

ఇంకొకడు సముద్రపొడ్డున ఉన్న పాళెం నుంచి నడిచి వచ్చేవాడు. వాళ్ళది చేపలు పట్టే కుటుంబం. వాడికో వింత అలవాటు ఉండేది. బంతి ముందుకు అందించాడంటే చాలు, గిరుక్కున తిరిగి మా గోల్ వైపు పరిగెత్తుకొచ్చేవాడు. “ఏందబ్బా, అవతలి గోలు యాడుందో మర్చిపోయినావా?” అని అందరూ ఎగతాళి చేసేవాళ్ళు.

ఎందుకలా వస్తావని ఒకసారి అడిగాను. వాడు సిగ్గుపడి నవ్వాడు. “ఒడ్డున వల లాగేటప్పుడు అంతే గదా. తాడు పట్టుకుని ఇసకమిట్ట మీదికి చేరినోడు వదిలేసి మళ్ళా నీళ్ళ కాడికి పోవాల. ఆడ మొదట్నించి పట్టుకోవాల. ముందరే నిలబడుకుంటే వల ఎట్టొస్తాది? ఆ అలవాటే ఇక్కడా వచ్చేసినాది.”

ఆ ఏడు నెల్లూరులో బడుల మధ్య పోటీలు పెట్టారు. మా జట్టంతా కుదిరింది. గోల్‌కి నేను తప్ప దిక్కు లేదు కనుక నా చోటుకు ఢోకా లేదు. ఒక్క ఫార్వర్డు చోటే మిగిలింది. అది తనదేనని బావ నమ్మకం. అత్తయితే అప్పుడే తెల్ల నిక్కరొకటి కుట్టించి, ఇస్త్రీ చేయించి, పెట్టెలో పెట్టేసింది కూడా.

డ్రిల్లు మాస్టారు ఒక సాయంత్రం మమ్మల్ని రెండు జట్లు చేసి ఆడించారు. మొదటి సగం బావ నా జట్టు, పాళెం అబ్బాయి అవతలి జట్టు. విరామం తర్వాత ఇద్దరూ జట్లు మారాలి. మొదటి సగంలో బావ రెండు గోల్స్ కొట్టాడు. రెండోదైతే చూడముచ్చటగా ఉంది, అవతలి గోల్‌కీపర్ కూడా చప్పట్లు కొట్టాడు. కానీ ఆ సగమంతా నేను కుడి ఎడమలకు పడి దొర్లుతూనే ఉన్నాను. మోకాళ్ళు చీరుకుపోయాయి. ఆపినవి ఆపాను, ఆపలేనివి లోపలికి వెళ్ళాయి.

రెండో సగంలో పాళెం అబ్బాయి ఒక్క గోలూ కొట్టలేదు. పైగా ఒకసారి బంతి అందించి అలవాటుగా వెనక్కి తిరిగాడు. ఆ బంతి మళ్ళీ వాడు వదిలి వచ్చిన చోటికే వచ్చింది. ఎదురుగా గోల్ ఖాళీగా ఉంది, కొట్టేవాడు లేడు. అందరూ తల బాదుకున్నారు. అయితే నా సంగతి వేరు. నా మీదికి వస్తున్నవాడి కర్ర కింద నుంచి వాడు బంతి లాక్కుపోతుంటే, నేను ఆ రోజు మొదటిసారి సరుగుడు కర్రకు ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాను. హమ్మయ్య అనుకున్నాను. పైకే అన్నానేమో కూడా.

ఆట అయ్యాక మాస్టారు నన్ను దగ్గరికి పిలిచారు. బావా, పాళెం అబ్బాయీ పక్కనే ఉన్నారు.

“ఒరే, గోల్లో నిలబడింది నువ్వు. ఏ సగం బాగుండాదో నువ్వే చెప్పు. నాకు మొహమాటాలు వద్దు.”

అత్త పెట్టిన అన్నం తిని ఆమె కొడుక్కి ఎదురు చెప్పడమంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమే. చెప్పకపోతే నెల్లూరులో మళ్ళీ ఆ మొదటి సగమే. నేల చూపులు చూస్తూ, “రెండో సగం సార్” అన్నాను.

బావ కర్ర భుజాన వేసుకుని నాకంటే ముందు నడిచి ఇంటికి వెళ్ళిపోయాడు. నేను వీధులన్నీ చుట్టి వెళ్ళాను. వెళ్ళేసరికి అత్త ఇద్దరికీ కంచాలు పెట్టింది.

“ఎవర్ని తీసుకున్నార్రా?” అని అడిగింది.

“ఆ పాళెం అబ్బాయిని,” అన్నాడు బావ.

“ఎవరు చెప్పినారు అట్టని?”

“వీడే.”

రేపటి నుంచి ఈ ఇంట్లో ఎలా ఉండాలా అని నాకు అప్పుడే ఆలోచన మొదలైంది. అత్త నా వైపు చూసింది, బావ వైపు చూసింది.

“కావిలి ఉండేవోడికే గదా తెలిసేది, దొంగలు ఎప్పుడొచ్చినారో,” అంటూ నెయ్యిగిన్నె తెచ్చి, రోజూ వేసేటట్టే నా అన్నంలో వేసింది. ఆ ముద్ద గొంతు దిగినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

బావ మాత్రం రెండు రోజులు ముభావంగానే తిరిగాడు. ఆదివారం పొద్దున్నే వచ్చి నన్ను లేపాడు. “లెయ్. సముద్రం కాడికి పోదాం. ఆ తాడేందో నేనూ చూడాల.” చూస్తే పెట్టెలోని తెల్ల నిక్కరు వేసుకుని ఉన్నాడు.

మేము వెళ్ళేసరికి వల లాగుతున్నారు. పాళెం అబ్బాయి మమ్మల్ని చూసి, ఏమీ అడక్కుండా వరసలో చోటిచ్చాడు. బావ ముందు, నేను అతని వెనక. అరచేతులు మండిపోయాయి. మాకంటే ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే తాడు వదిలి కిందికి పోయారు. బావ వంతు వచ్చింది. ఇసకమిట్ట మీదికి చేరి, తాడు గట్టిగా పట్టుకుని, రెండో చెయ్యి నడుం మీద వేసుకుని అక్కడే నిలబడిపోయాడు. గోల్ కొట్టినప్పటి నిలువే అది. తాడు అతని కాళ్ళ దగ్గర చుట్టుకుంటోంది, వరస ఆగిపోయింది.

“అబ్బయ్యా, ఆడ నీ పని అయిపోయినాది. వదిలేసి నీళ్ళ కాడికి పో!” అని వెనక నుంచి ఒక పెద్దాయన అరిచాడు. అందరూ నవ్వారు.

బావ ముఖం ఎర్రబడింది. తన చేతిలోని తాడు వైపు చూసుకున్నాడు, దూరంగా నడుంలోతు నీళ్ళలో నిలబడిన పాళెం అబ్బాయి వైపు చూశాడు. తర్వాత తాడు వదిలేసి, నన్ను దాటుకుని, వాలులో కిందికి ఒకటే పరుగు.

నెల్లూరులో మేము రెండో ఆటకే ఓడి ఇంటికొచ్చామన్నది వేరే సంగతి. నాకు గుర్తున్నది ఆ పొద్దుటి పూటే. బావ కిందికి పోయాక వరసకు ముందున్నది నేను. బరువు లాగలేక కాళ్ళు ఇసకలో కూరుకుపోతుంటే, ఉన్నట్టుండి తాడు తేలికైంది. నీళ్ళ దగ్గర నుంచి బావ గొంతు వినిపించింది.

“లాగరా, నేనుండాను!”