లోపలి గడియ

పొద్దున పడవెక్కిన దగ్గర్నుంచి సాయంత్రం ఇల్లు చేరేదాకా చేపక్క గుక్కెడు నీళ్ళు తాగేది కాదు. మొక్కు కాదు, పథ్యమూ కాదు. చుట్టూ నీళ్ళే. పడవ కింద ఉప్పునీళ్ళు, పడవ మీద మంచుపెట్టె నిండా చల్లటి మంచినీళ్ళ సీసాలు. ఆ సీసాల మూతలు తిప్పి వచ్చినవాళ్ళందరికీ అందించేది ఆమే. తన నాలుక మాత్రం అట్టముక్కలా ఉండేది. ఎవరైనా జాలిపడి "నువ్వూ తాగమ్మా" అంటే "ఇప్పుడే తాగానండీ" అనేది. ఏళ్ళ తరబడి అరిగిపోయిన అబద్ధం అది.

కారణం పడవ వెనక, మెట్ల కింద ఉంది. ఒక మనిషి పట్టేంత గది. తలుపు మీద తెల్లరంగుతో "అతిథులకు మాత్రమే" అని రాసి ఉంటుంది. తాళంచెవి బావమరిది నడుముకు వేలాడుతుంది.

బావమరిది అంటే పడవ యజమాని భార్య తమ్ముడు. యజమాని ఎవరితో ఫోన్లో మాట్లాడినా "మా బావమరిది చూసుకుంటాడు" అంటాడు. రేవులో అందరికీ అదే ఆయన పేరైపోయింది. పడవ మీద పెత్తనమంతా ఆయనదే. రేవు నుంచి బయల్దేరి, కెరటాలు లేని రాతిదిబ్బల మాటున లంగరు వేసి, సరదాకొచ్చిన జనాన్ని నీళ్ళలో ఈతకు దించి, ముఖాలకు మాస్కులు, నోళ్ళలో ఊపిరి పీల్చుకునే స్నార్కెల్ గొట్టాలు పెట్టి అడుగున తిరిగే చేపల్ని చూపించి వెనక్కి తేవడం ఆ పడవ పని. ఉదయం ఒక ట్రిప్పు, భోజనాలయ్యాక ఇంకొకటి; మధ్యలో పడవ కడిగి సర్దడంతో పనివాళ్ళకు ఇంటికి పోయే తీరిక ఉండదు.

పడవ మీద పనిచేసే మగవాళ్ళకు ఏ పేచీ లేదు. అతిథులంతా నీళ్ళలో ఉండగా పడవ అవతలి అంచుకు పోయి, ఆకాశంలో మబ్బులు లెక్కపెడుతున్నట్టు కాసేపు నిలబడితే సరిపోతుంది. ఆడమనిషి ఆమె ఒక్కతే. రేవులో ఉన్న మరుగుదొడ్డికి కప్పుంది, తలుపు లేదు. ఇక పడవలోని ఆ గదంటారా, దాన్ని రోజూ సాయంత్రం రుద్ది కడిగేది ఆమే. బావమరిది తాళం తీసి, ఆమె కడుగుతున్నంతసేపూ గుమ్మం బయట ఫోను చూసుకుంటూ నిలబడి, మళ్ళీ తాళం వేసుకునేవాడు. గది మెరిసేది. ఎవరికోసం మెరిసేదో తలుపు మీదే రాసుంది కదా.

మరి ఇన్నేళ్ళు ఎలా నెట్టుకొచ్చింది? దానికి జవాబు ఆమెకు పడిన పేరులోనే ఉంది.

కాలవ పక్క ఇంట్లో పుట్టిన మనిషి, అక్క వెనకాలే దూకి ఈత నేర్చింది. పెళ్ళయి ఈ ఊరొచ్చాక, మాస్కులు తొడగడానికి ఆడమనిషి కావాలంటే చేరింది. చేరిన మొదటి వారంలోనే ఒక సంగతి కనిపెట్టింది: అతిథులతోపాటు నీళ్ళలో దిగితే ఆ పని కూడా అక్కడే అయిపోతుంది. అంతే. ఆనాటి నుంచి ఏ పిల్ల భయపడి ఏడ్చినా, ఎవరి మాస్కు జారి అడుక్కి పోయినా, పడవ నడిపే సరంగు నోరు తెరిచేలోపే ఈమె నీళ్ళలో ఉండేది. "దీనికి సముద్రమంటే ప్రాణమయ్యా, చేప పుట్టుక పుట్టాల్సింది" అన్నాడు సరంగు. చేపా, చేపక్కా అని పేరు స్థిరపడింది. యజమాని ఆమె ఫొటోను రేవులో బోర్డు మీద అతికించి "సముద్రపు ముద్దుబిడ్డ మీకు తోడు" అని రాయించాడు. ఆ బోర్డు కింద నిలబడి ఆమె ఎన్నిసార్లు పళ్ళు కొరుక్కుందో ఎవరికీ తెలియదు.

దాహం చేసే చిత్రాలు ఇంకా ఉన్నాయి. మాస్కు అద్దానికి ఆవిరి పట్టకుండా లోపల కాస్త ఉమ్మి రుద్దడం ఆ పనిలో అందరికీ అలవాటే. ఈమె మాత్రం చంటిపిల్లల షాంపూ చుక్క వేసి రుద్దేది. "చూశారా, మా చేపక్క ఎంత శుభ్రమో!" అని బావమరిది అతిథుల దగ్గర గొప్పలు పోయేవాడు. శుభ్రమూ లేదు, పాడూ లేదు. ఉమ్మడానికి నోట్లో తడి ఉంటేగా.

ఈ గుట్టు తెలిసిన మనిషి అత్తగారొక్కతే. సాయంత్రం కోడలు చెప్పులైనా విప్పకుండా చెంబెత్తి గటగటా తాగుతుంటే ఆవిడ వంటగది గుమ్మంలోంచి చూసేది.

"మెల్లగా తాగవే తల్లీ, ఆ చెంబేమన్నా నీకు పగదా?"

"ఒక్కరోజు ఆ పడవెక్కి చూడు అత్తయ్యా, నీకే తెలుస్తుంది."

"నేనెక్కిన రోజున ఆ తాళం తీసి మీ బావమరిది మూతికి వేస్తాను."

"ఆయన మనకెవరికీ బావమరిది కాదు."

"అదొక్కటే మన అదృష్టం!"

ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసే మొగుడు ఈ మాటలు సగం విని "పోనీ మానెయ్ రాదూ" అనేవాడు. "మానేసి నీ పక్కన నిలబడి మంచుదిమ్మలు మొయ్యనా? అక్కడ మాత్రం ఉందా ఆడవాళ్ళకి?" అని ఈమె అడిగితే బుర్ర గోక్కునేవాడు. అక్కడా లేదు.

ఇలా గడుస్తుండగా పడవ మీదికి కొత్తగా ఒక ఈతగాడు వచ్చాడు. శిక్షణ పొందాడు, కాగితముంది, దాన్ని అద్దంలో బిగించి పడవ ముందు తగిలించారు. పేరు చెప్పేలోపే అతను అందరికీ సర్టిఫికెట్ అయిపోయాడు. మంచివాడే. అతను రాగానే యజమాని చేపక్కను పిలిచి, పెద్ద వరమిస్తున్నవాడిలా చెప్పాడు.

"ఇకనుంచి నువ్వు నీళ్ళలో దిగక్కర్లేదమ్మా. యూనిఫాం తడవకుండా దర్జాగా పైనే ఉండి అతిథులకి ఫొటోలు తియ్యి."

"నీళ్ళలో ఉంటేనే బాగుంటుందండీ నాకు."

"తెలుసు, తెలుసు, సముద్రమంటే నీకు ప్రాణం. కానీ వయసు మీద పడుతోందిగా. కాస్త సుఖపడు."

ఏమని చెబుతుంది? ఇన్నేళ్ళు తను అల్లుకున్న అబద్ధమే ఇప్పుడు తన కాళ్ళకు చుట్టుకుంది. "అదృష్టవంతురాలివే చేపా" అన్నాడు సరంగు. మెడలో కెమెరా వేసుకుని ఆమె నవ్వింది. ఆ నవ్వు ఎంత బిగదీసి నవ్విందో!

నెల తిరక్కుండా చలిజ్వరం పట్టుకుంది. నడుము విరిగినట్టు నొప్పి, కింద మంట. ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసి కళ్ళజోడు పైనుంచి చూసింది.

"నీళ్ళు తాగడంలేదు కదూ? ఆపుకుంటున్నావు కదూ?"

"పనిలో కుదరదమ్మా."

"అలా అంటే కిడ్నీలు ఊరుకుంటాయా? ఈ మాత్రలు వేసుకుని రోజంతా బాగా నీళ్ళు తాగాలి. వచ్చినప్పుడల్లా వెళ్ళాలి. ఆపుకోకూడదు."

'ఎక్కడికి వెళ్ళాలో కూడా ఆ చీటీ మీదే రాసివ్వండమ్మా' అనాలనిపించింది. అనకుండా మింగినవాటిలో అదొకటి. డాక్టరమ్మదీ తప్పు కాదు, ఆవిడ గదికి ఆనుకునే ఆవిడ బాత్‌రూముంది.

మందు పనిచెయ్యాలంటే నీళ్ళు తాగాలి కాబట్టి తాగింది. పొద్దున ఇంట్లో చెంబెడు, పడవలో మాత్రతోపాటు సీసా సగం. ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది. పడవ ప్రతి కుదుపుకూ ఆమె పళ్ళ బిగువున కూర్చుంది. రాతిదిబ్బల దగ్గర లంగరు పడి, అతిథులు ఒక్కొక్కరే బుడుంగుమని దూకుతుంటే, ఆమె ఫొటో తీస్తూ కాలు మీద కాలు మెలేసుకుని నిలబడింది. ఇక వల్లకాదని తెలిశాక బావమరిది దగ్గరకు వెళ్ళింది.

"అన్నా, ఒక్కసారి తాళంచెవి ఇవ్వు."

"కడగడానికింకా టైముంది."

"కడగడానికి కాదు."

ఆయనకు అర్థమైంది. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "నీకిస్తే రేపు ఇంజను మేస్త్రి అడుగుతాడు, ఎల్లుండి సరంగు అడుగుతాడు. రూలంటే రూలే."

"వాళ్ళకేం అక్కర? వాళ్ళకి సముద్రమంతా ఉంది. ఒంట్లో బాగాలేదన్నా, డాక్టరు చెప్పింది."

"డాక్టరుకేం తెలుసు పడవ సంగతి? ఒక్క గంట ఓర్చుకో, ఒడ్డుకి పోతున్నాంగా."

గంట! ఆమె మెడలోంచి కెమెరా తీసింది, జాగ్రత్తగా ఆయన మెడలో వేసింది, యూనిఫాంతో, బూట్లతో, తలకు పెట్టుకున్న టోపీతో సహా సముద్రంలోకి దూకేసింది.

పడవంతా గగ్గోలెత్తింది. "మనిషి పడిపోయింది!" అని పైనుంచి ఎవరో కేక పెట్టారు. సర్టిఫికెట్‌కు ఉద్యోగంలో చేరాక తన చదువుకు పని దొరికింది అదే మొదటిసారి. బాణంలా ఈదుకొచ్చి, వెనకనుంచి చంకల కింద చేతులు వేసి, గడ్డం ఎత్తిపట్టి "భయపడకక్కా, నేనున్నాను!" అన్నాడు.

"వదులు నాయనా!"

"వదలను, కంగారుపడకు!"

"కంగారు నాది కాదు! రెండు నిమిషాలు వదిలి అవతలకి పోరా బాబూ, నీకు పుణ్యముంటుంది!"

వదల్లేదు. వదలకూడదని అతనికి నేర్పారు. ఆ బిగి కౌగిలిలో, చుట్టూ మాస్కులు పెట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్న జనం నడుమ జరగాల్సింది జరిగిపోయింది. ఆమె ఏళ్ళుగా ఒంటరిగా, గుట్టుగా చేసుకున్న పని అది.

పైకి లాగారు. నీళ్ళోడుతూ నిలబడింది. బావమరిది మెడలో కెమెరాతో ఒంటికాలి మీద లేచాడు.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? ఎందుకు దూకావు?"

అప్పుడు చెప్పింది. గొంతు తగ్గించకుండా, అందరికీ వినపడేలా. తాళం సంగతి, తాగని నీళ్ళ సంగతి, ఇన్నేళ్ళు చేపలా ఎందుకు బతికిందో ఆ సంగతి.

ఆమెకు ఆశ పుట్టింది. ఇప్పుడెవరో ఒకరు బావమరిదిని నిలదీస్తారనుకుంది.

"ఛీ ఛీ! మేమింతసేపూ ఈ నీళ్ళలోనా ఈదింది?" అందొకామె, తువ్వాలుతో ఒళ్ళు రుద్దుకుంటూ.

"నేను మింగాను కూడా!" అన్నాడు గొట్టం చేతిలో పట్టుకున్న పెద్దమనిషి, గొంతులో వేలు పెట్టుకుంటూ.

"మా ట్రిప్పు మళ్ళీ ఉచితంగా పెట్టాలి" అన్నారు ఇంకొకరు.

సముద్రానికి కోర్టుంటే ఆ రోజు అందరూ సముద్రం తరఫున కేసు వేసేవాళ్ళు. ఇంతకుముందు నోట్లో గొట్టం పెట్టుకుని, తలకాయ నీళ్ళలో ముంచి, కదలకుండా తేలిన వాళ్ళలో ఎంతమంది ఏంచేశారో సముద్రానికే తెలుసు. తలుపుకు తాళం ఎందుకేశారని మాత్రం ఒక్కరూ అడగలేదు. సరంగు స్టీరింగు వైపు తిరిగిపోయాడు. ఆయన ఇద్దరు కూతుళ్ళ తండ్రి.

తిరుగు ప్రయాణంలో ఒక పెద్దావిడ, పడవ ఊపుకు తల తిరిగి పొద్దున్నుంచీ మూల కూర్చున్నావిడ, లేచి బావమరిదిని తాళంచెవి అడిగింది. ఆయన వినయంగా తాళం తీశాడు. ఆవిడ లోపలికెళ్ళి వచ్చింది. వచ్చి, తలుపు మూయకుండా గుమ్మంలో చెప్పుకాలు అడ్డంపెట్టి నిలబడింది.

"రామ్మా" అంది చేపక్కను చూసి.

"అమ్మగారూ, అది అతిథులకే..." అన్నాడు బావమరిది.

"నేను అతిథినే కదా నాయనా. నాకింకా అయిపోలేదనుకో. నేను నా కాలు తియ్యను, నువ్వు లాగెయ్యదలుచుకుంటే లాగెయ్."

ఆయన ఆవిడ కాలు వైపు చూశాడు, అతిథుల వైపు చూశాడు, ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. అంతే. ఇన్నేళ్ళ రూలు ఒక చెప్పుకాలి దగ్గర ఆగిపోయింది.

నిజానికి చేపక్కకు అప్పుడు ఆ అవసరం లేదు. అయినా వెళ్ళింది. ఆ గదిలో నేల ఎక్కడ పల్లమో, ఏ కొళాయి బిగుసుకుంటుందో ఆమెకు తెలుసు. లోపలి గడియకు ఉన్న ఉప్పు తుప్పు వదిలించి రోజూ నూనెగుడ్డతో తుడిచేది తనే. ఆ గడియను ఎప్పుడూ వేసుకోలేదు. ఆ రోజు వేసుకుంది. టక్కుమంది. తడిబట్టలతో అలాగే నిలబడిపోయింది. అద్దంలో ముఖం చూసుకుంటే కోపమంతా కళ్ళలోకొచ్చి కూర్చుంది. బయట పెద్దావిడ ఎవరినీ తలుపు తట్టనివ్వలేదు.

మర్నాడు యజమాని ఆమెను పడవ దించేశాడు. ఇప్పుడు రేవులో తొట్టి దగ్గర కూర్చుని మాస్కులు, గొట్టాలు కడుగుతుంది. ఇల్లు దగ్గరే కాబట్టి మధ్యలో పోయి రావచ్చు, నీళ్ళు తాగొచ్చు. ఒళ్ళు కోలుకుంది. మనసు కోలుకోలేదు. బోర్డు మీద ఆమె ఫొటో పీకేసి ఆమె బదులు పడవలో చేరిన కొత్తపిల్ల ఫొటో అతికించారు. పొద్దున పడవ కదిలేముందు చేపక్క ఆ పిల్లకు ఒక నీళ్ళ సీసా అందిస్తుంది.

"తాగు. డాక్టరు దాకా పోకు."

"అలాగే అక్కా" అంటుంది ఆ పిల్ల.

సాయంత్రం ఆ సీసా మూత సీలు కూడా తెగకుండా తిరిగొస్తుంది. ఆ పిల్లకు ఈత రాదు.

చదివేవాళ్ళకు ఒక మాట. సెలవు రోజున మీరూ ఇలాంటి పడవెక్కుతారు, ఎక్కండి. మాస్కు తొడుక్కునే ముందు, దాన్ని అందించిన ఆడమనిషి ఎక్కడికి వెళుతుందని అడగండి. ఆమెను కాదు, ఆమె "ఇప్పుడే తాగానండీ" లాంటి జవాబే చెబుతుంది. తాళంచెవి ఎవరి నడుముకుందో వాళ్ళను, నలుగురిలో, గట్టిగా అడగండి. టికెట్టు కొనేచోటే అడిగి, జవాబు నచ్చకపోతే పడవెక్కకండి. ఎక్కేశాక తెలిసిందా, లోపలికి వెళ్ళిరండి, వచ్చేటప్పుడు తలుపు మూయనివ్వకండి. మీ కాలు అడ్డం పెట్టి ఆమెను పిలవండి. ఆమె గడియ వేసుకున్న చప్పుడు వినపడేదాకా అక్కడినుంచి కదలకండి.