బాలింత గదికి బాయిలర్

నా ఉద్యోగంలో అది చివరి శీతాకాలం. జంషెడ్‌పూర్‌లో ఒక కార్ఖానా బాయిలర్ హౌస్‌కి షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా ఉన్నాను. డిసెంబరులో ఒక ఆదివారం నాకు పక్కనే ఉన్న ఆదిత్యపూర్‌లో పని పడింది. మా గ్యాస్ లైన్ సీనియర్ ఫిట్టర్ సన్యాసిరావు అక్కడ కొత్త ఇల్లు కట్టుకున్నాడు. పురిటికి వచ్చిన కూతురు లావణ్యకి ఆడపిల్ల పుట్టింది. స్నానాల గదిలోని గ్యాస్ గీజరు నీళ్ళు చాలినంత కాగడం లేదని తన తల్లి పైడమ్మ గొణుగుతోందని, ఇంతకంటే పెద్దది ఏ రకం కొనాలో వచ్చి చెప్పమని అడిగాడు. గీజరు చూడ్డానికి బాయిలర్ ఇంజినీరెందుకు, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమా అని మా ఆవిడ నవ్వింది.

బాయిలర్ చిన్నదైనా పెద్దదైనా ఎంపికలో మా వరస ఒకటే. ముందు గాలి, తరువాత నీరు, ఆఖరున ఇంధనం. మంటకు గాలి లోపలికి రావాలి, పొగ బయటికి పోవాలి. ఈ రాకపోకలనే మేం డ్రాఫ్ట్ అంటాం. అది చూసుకోకుండా నిప్పు పెట్టనివ్వం. అందుకే సన్యాసిరావు నీళ్ళ గొడవ చెబుతుంటే నా కళ్ళు స్నానాల గది వెంటిలేటరు మీదికి పోయాయి. దాన్నిండా పాత చీర కుక్కి ఉంది. తలుపు కింద సందుకి గోనెపట్టా.

ఎవరు పెట్టారని అడిగాను.

"నానే బాబూ. బాలింతకి గాలి తగిల్తే సన్ని కొడతాదని తెల్దేటి మీకు?" అంది పైడమ్మ.

తెలియకేం, మా అమ్మా అలాగే చేసేది. బాలింతకు కాగుల కొద్దీ వేడినీళ్ళు పోయాలి, గదిలో చీమ దూరే సందు ఉండకూడదు. కానీ మా శ్రీకాకుళంలో నీళ్ళు పెరట్లో కాగేవి. ఇక్కడ మంటే గదిలోకి వచ్చి కూర్చుంది.

ఒంట్లో ఎలా ఉందని లావణ్యని అడిగాను.

"నహానే కే బాద్ సర్ ఘూమ్‌తా హై, అంకల్," అంది. స్నానమయ్యాక తల తిరుగుతోందట. ముందురోజు గుమ్మంలోనే కూలబడిందట.

"ఒంట్లో వాతం దిగుతన్నాది బాబూ, మంచిదే," అంది నాయనమ్మ.

నాకు నిజంగా భయం వేసింది. ఆనాటి స్నానానికి గీజరు అప్పటికే మండుతోంది, పసిదాన్ని కూడా తీసుకెళ్ళబోతున్నారు. ఎవరినీ అడగకుండా సిలిండరు కట్టేసి, చీర లాగిపారేశాను. పరాయి మగాడు బాలింత స్నానాల గదిలో దూరితే పైడమ్మ ఊరుకుంటుందా? "ఇదేటి సోద్దెం!" అని విరుచుకుపడింది.

సన్యాసిరావుని మాత్రం ఒకటే అడిగాను, ప్లాంటులో గ్యాస్ డిటెక్టర్ మోగితే ఏం చేస్తావని. అతని ముఖం పాలిపోయింది. గాలి చాలని మంట నుంచి కూడా పుట్టే, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ఎలా చంపుతుందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. ఛాతీకి డిటెక్టర్ లేకుండా గ్యాస్ లైన్ దగ్గరికి అడుగుపెట్టని మనిషి. షిఫ్టు దిగేటప్పుడు డిటెక్టర్‌తో పాటు ఆ భయాన్నీ ప్లాంటులోనే అప్పజెప్పి ఇంటికి వచ్చేవాడు.

"నా పిల్లని నానే సంపేసుందును సార్," అన్నాడు.

తల్లీబిడ్డల్ని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాం. గండం లేదని డాక్టరు చెప్పాకే ఎంపిక మాట ఎత్తాను. ఎలక్ట్రిక్ గీజరు క్షేమమే, కానీ ఆ కాలనీలో కరెంటు చుట్టపుచూపుగా వచ్చేది. పైగా ఒక ట్యాంకు నీళ్ళు పైడమ్మకి ఏ మూలకీ చాలవు. గ్యాస్ గీజరే ఉంచి వెంటిలేటరు మూయకుండా ఉంటారా అని అడిగి చూశాను. పైడమ్మ తలూపింది. ఆ తలూపడం మీద రెండు ప్రాణాలు పెట్టడానికి నాకు ధైర్యం చాల్లేదు.

ఇక మిగిలింది ఆవిడ రాగి బాయిలరే. మధ్యలో బొగ్గుల గొట్టం, చుట్టూ నీళ్ళు. కొత్త ఇంటికి నప్పదని కొడుకు మెట్ల కింద పడేశాడు. దాన్ని తోమించి పెరట్లో ఆరుబయట పెట్టించాను. బకెట్లు మోయడం తప్పదు, గది మాత్రం ఎంత మూసుకున్నా ఫరవాలేదు. గదిలో పెట్టే సాంబ్రాణి కుంపటిని కూడా వరండాలోకి మార్పించాను. ఇంజినీరుబాబు ఎన్నో చూసి చివరికి తన బాయిలరే మెచ్చుకున్నాడని పైడమ్మ వీధంతా చెప్పుకుంది.

ఆ తరువాత ఎవరు నన్ను ఏ రకం కొనాలని అడిగినా, మీ ఇంట్లో తలుపులు మూసేది ఎవరు, ఎందుకు మూస్తారు అని ముందుగా అడుగుతున్నాను. మూసే చేయి మారదని తేలితే, నిప్పునే బయటికి జరపాలి.