కదలని పేజీ

పేజీ పూర్తయిన ప్రతిసారీ అతను టాబ్లెట్‌ను చేయి చాచినంత దూరంలో పట్టుకుని, ఒక కన్ను మూసి చూస్తాడు. అచ్చుపత్రికల్లో పాతికేళ్లు పేజీలు పెట్టిన అలవాటది. ఆ పత్రికలు మూతపడ్డాక, టాబ్లెట్‌లో చదివేవాళ్ల కోసం సొంతంగా ఒక మాసపత్రిక మొదలుపెట్టాడు. పెట్టుబడి అక్కది; రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా తమ్ముడి చేతిలో పెట్టింది. ఎవరి టాబ్లెట్‌లోనైనా తను పేర్చినట్టే ఉండాలని, ఎవరూ కదపలేకుండా ప్రతి పేజీనీ బొమ్మలా బిగించేవాడు. చూసినవాళ్లంతా అందంగా ఉందన్నారు. రెండో ఏడు చందా మాత్రం కట్టలేదు. పద్నాలుగో సంచికతో ఆపేశాడు.

ఆ సంగతి చెప్పడానికి వెళ్లేసరికి అక్క కిటికీ దగ్గర కూర్చుని, టాబ్లెట్‌లో ఆ సంచిక మీద రెండు వేళ్లు ఆనించి విడదీస్తోంది. పేజీ కదలలేదు. మళ్లీ విడదీసింది.

"ఏం చేస్తున్నావక్కా?"

"అక్షరం కాస్త పెద్దదవుతుందేమోనని. చీమ తలకాయంత పెట్టావు కదరా."

"పెద్దది చేస్తే పేజీ చెదిరిపోతుంది."

"ఓహో. నీ పేజీ చెదరకూడదు, నా కళ్లు పోయినా ఫరవాలేదు," అని నవ్వింది.

"మరి ఇన్ని నెలలూ ఎలా చదివావు?"

"చదవడమెక్కడ? బొమ్మలు చూసేదాన్ని. ముచ్చటపడి చేస్తున్నావు, ఎందుకులే అని చెప్పలేదు."

పత్రిక ఆపేసిన సంగతి ఆ పూట అతని నోట రాలేదు.

మర్నాడు పొద్దున్నే మొదటి సంచిక తెరిచి, బిగింపు తీసేశాడు. అక్షరాలు పెరిగాయి, వరుసలు విరిగాయి, శీర్షిక సగం కిందికి జారింది. చేయి చాచి చూడకుండానే తీసుకెళ్లి అక్కకిచ్చాడు.